ఎముక లోపల ఏముందో ఇంట్లోనే చూడటం ఎలా? (చికెన్ ఎముక, వెనిగర్, నిప్పు)

సైన్స్ ఎగ్జిబిషన్లు మొదలయ్యాయంటే చాలు ఒకటే ప్రశ్న, "వెనిగర్‌లో వేసిన ఎముక మెత్తబడలేదండీ, ఏం తప్పు చేశాం?" అని. కొంతమంది విసిగిపోయి థర్మకోల్ షీటు మీద అస్థిపంజరం బొమ్మ అతికించి, పక్కన 206 అని పెద్దగా రాసి పంపించేస్తున్నారు. పిల్లాడు ఆ నంబర్ చెప్తాడు, మార్కులు కూడా వస్తాయి, కానీ ఎముక ఎందుకు అంత గట్టిగా ఉంటుంది, అంత గట్టిగా ఉండి కూడా పుల్ల విరిగినట్టు ఎందుకు విరగదు అని అడిగితే నోరు తెరవడు. నాకు ఆ ప్రశ్నే ముఖ్యం అనిపిస్తుంది. అందుకే మొత్తం వరసగా రాస్తున్నా, ఎక్కడెక్కడ చెడిపోతుందో కూడా రాస్తున్నా.

థియరీ ఇంతే. ఎముక ఎండు బరువులో దాదాపు మూడింట రెండొంతులు ఖనిజం, అంటే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్ అనే స్ఫటికాలు. మిగతాది చాలావరకు కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. స్లాబ్‌లో కాంక్రీట్ బరువు మోస్తుంది, లోపలి ఇనుప చువ్వ వంగినా లాగినా పగిలిపోకుండా పట్టుకుంటుంది కదా, ఇక్కడా అదే పద్ధతి. మనం చేసేదేంటంటే ఒక ఎముకలోంచి ఖనిజం తీసేస్తాం, ఇంకోదాంట్లోంచి కొల్లాజెన్ కాల్చేస్తాం, మూడోదాన్ని అలాగే ఉంచుతాం. తర్వాత మూడూ పక్కపక్కన పెట్టి వంచి చూస్తాం.

కావలసినవి

- చికెన్ డ్రమ్‌స్టిక్ ఎముకలు ఐదారు, పచ్చివి. ఇవి కాక కోడి ఛాతీ పైభాగంలో వి ఆకారంలో ఉండే సన్నటి ఎముక ఒకటి రెండు దొరికితే ఇంకా మంచిది, అడిగితే షాపు వాళ్ళు తీసి ఇస్తారు
- తెల్ల వెనిగర్ రెండు మూడు సీసాలు, లేబుల్ మీద ఎసిటిక్ యాసిడ్ కనీసం 4 శాతం అని ఉండాలి
- మూత ఉన్న గాజు సీసా, పాత హార్లిక్స్ సీసా అయినా సరిపోతుంది
- చిన్న చాకు, పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్
- బొగ్గుల కుంపటి, పట్టకారు
- గుండుసూది
- నిలువుగా చీల్చిన మటన్ మూలుగ బొక్క ఒకటి
- గ్రాములు చూపించే చిన్న తూకం (లేకపోయినా పర్లేదు)

ఎన్నిరోజులు పడుతుంది అంటే మొత్తం వారం పది రోజులు పెట్టుకోండి. రేపు ఎగ్జిబిషన్ అనగా ఇవాళ మొదలుపెడితే అవ్వదు.

1. సరైన ఎముక తెచ్చుకోండి

కూర తినేశాక ప్లేట్లో మిగిలిన ఎముకలు వాడకండి. ఎక్కువమందికి ఫలితం తేడా వచ్చేది ఇక్కడే. కుక్కర్లో నాలుగు విజిల్స్ వచ్చేసరికి కొల్లాజెన్ కొంత కరిగి జెలటిన్ అయిపోయి నీళ్ళలోకి దిగిపోతుంది. పాయా చల్లారితే గిన్నెలో గడ్డకట్టుకుంటుంది కదా, ఆ జిగురంతా ఇదే. అది దిగిపోయిన ఎముకని వెనిగర్‌లో వేస్తే వంగదు, పొడిపొడిగా రాలుతుంది, అప్పుడు వెనిగర్ పనిచేయలేదేమో అని మీరు అనుకుంటారు. పచ్చి ఎముకే తెచ్చుకోండి, మాంసం ఊడకపోతే మామూలు గిన్నెలో ఒక పది నిమిషాలు ఉడికించండి, అంతకంటే వద్దు.

బ్రాయిలర్ కోడా, నాటు కోడా? ప్రయోగానికి బ్రాయిలరే నయం. అది ఆరు వారాల వయసుకే షాపుకి వస్తుంది కాబట్టి ఎముక ఇంకా లేత. నాటుకోడి ఎముక బాగా ముదురు, మెత్తబడటానికి చాలా టైం తీసుకుంటుంది.

హెచ్చరిక: పచ్చి చికెన్ పట్టుకున్న చేతులతో ఇంకేమీ ముట్టుకోవద్దు, పనయ్యాక సబ్బుతో కడుక్కోవాలి, కూరగాయలు కోసే చెక్క మీద ఈ పని పెట్టుకోకండి.

2. శుభ్రం చేయండి, చేస్తూ చూడండి

మాంసం, నరాలు అన్నీ గీకేయండి. గీకేటప్పుడు ఎముకని అంటిపెట్టుకుని ఒక పల్చటి పొర చాకు కొనకి తగులుతుంది, జాగ్రత్తగా లాగితే పట్టీ పట్టీగా ఊడి వస్తుంది. అది పెరియాస్టియం, స్కూలు పుస్తకంలో పర్యాస్థిక అని ఉంటుంది. ఎముకకి రక్తనాళాలు, నరాలు దీని గుండానే వెళ్తాయి. మన ముంగాలు మంచం కోడుకి కొట్టుకుంటే ప్రాణం పోయినంత నొప్పి వస్తుందే, అక్కడ ఎముకకీ చర్మానికీ మధ్య కండ లేదు, దెబ్బ నేరుగా ఈ పొరకే తగులుతుంది. విరిగిన ఎముక అతుక్కోవడానికి కావలసిన కణాలు కూడా చాలావరకు ఈ పొరలోంచే వస్తాయి.

ఇంకో రెండు చూపించండి పిల్లలకి. డ్రమ్‌స్టిక్‌లో పెద్ద ఎముక పక్కనే సూదిలాంటి సన్న ఎముక ఉంటుంది, తినేటప్పుడు గుచ్చుకునేది. అదే ఫిబ్యులా. మనిషి ముంగాల్లో కూడా ఈ జంటే ఉంది, పెద్దది టిబియా, సన్నది ఫిబ్యులా. రెండోది, ఎముక చివర్లలో నీలం ఛాయ తెలుపులో నున్నగా జారే టోపీ. అది మృదులాస్థి. కీలులో ఎముకకి ఎముక రాసుకోకుండా ఉండేది దీనివల్లే. దాన్ని కోసేయకండి.

ఆఖర్న గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల లిక్విడ్ వేసి బ్రష్‌తో రుద్దండి. కొవ్వు పొర మిగిలితే యాసిడ్ లోపలికి పోదు.

3. మూడు భాగాలు చేయండి

వెనిగర్‌కి మూడు, నిప్పుకి ఒకటి రెండు, పోల్చి చూడటానికి ఒకటి. పోల్చడానికి ఉంచింది కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, బయట పెడితే రెండోరోజుకే వాసన. తూకం ఉంటే మిగతావి రెండు రోజులు ఎండలో ఆరబెట్టి ఒక్కోదాని బరువు రాసుకోండి. పిల్లులతో, కాకులతో జాగ్రత్త, పైన జల్లెడ బోర్లించండి.

4. వెనిగర్‌లో వేయండి

సీసాలో ఎముకలు నిలబెట్టి పూర్తిగా మునిగేలా వెనిగర్ పోయండి, నీళ్ళు కలపొద్దు. కాసేపటికే ఎముక మీద సన్నటి బుడగలు లేస్తాయి, అది కార్బన్ డయాక్సైడ్. ఖనిజంలో కొంచెం కార్బొనేట్ కూడా ఉంటుంది, యాసిడ్ తగలగానే అది విడిపోయి గ్యాస్ అవుతుంది. అందుకే మూత గట్టిగా బిగించకండి, ఊరికే పైన పెట్టండి.

రోజూ వెనిగర్ మార్చాలి, కనీసం రోజు విడిచి రోజు. యాసిడ్ ఎముకలోని కాల్షియంతో కలిసిపోయి ఖర్చయిపోతుంది, పాతదే ఉంచితే పని ఆగిపోతుంది. నన్ను "మెత్తబడలేదు" అని అడిగేవాళ్ళలో చాలామంది ఒక్కసారి పోసి వారం వదిలేసిన వాళ్ళే.

టైం: వి ఎముక, ఆ సూది ఎముక రెండు మూడు రోజుల్లో అయిపోతాయి. బ్రాయిలర్ డ్రమ్‌స్టిక్‌కి ఐదు నుంచి ఏడు రోజులు. నాటుకోడి అయితే పదిరోజులు దాటొచ్చు.

అయ్యిందో లేదో చూడటం ఎలా: ఎముక మధ్యలో గుండుసూది గుచ్చండి. సులువుగా దిగిపోతే ఖనిజం పోయినట్టే. పైన దిగి లోపల ఎక్కడో టక్కున ఆగితే ఇంకా ఉంది, మళ్ళీ కొత్త వెనిగర్ పోయండి. చూపుకి కూడా తెలుస్తుంది, తెల్లగా ఉన్నది కొంచెం పసుపు రంగుకి తిరిగి వెలుతురులో పెడితే మసకగా అవతలి వెలుగు కనిపిస్తుంది. హాస్పిటల్ ల్యాబుల్లో కూడా ఎముక ముక్కని మైక్రోస్కోప్ కోసం పల్చగా కోయాలంటే ముందు ఇలాగే ఖనిజం తీసేస్తారు, కాబట్టి ఇది పిల్లల ఆట మాత్రమే అనుకోకండి.

చేయకూడనివి: త్వరగా అవుతుందని వెనిగర్ మరగబెట్టొద్దు, వేడికి కొల్లాజెన్ కూడా పాడవుతుంది, ఆ ఆవిరి కళ్ళు మండిస్తుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ అస్సలు వాడొద్దు, అది చర్మాన్ని కాల్చేస్తుంది, ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. నిమ్మరసం వాడొచ్చా అని అడుగుతారు, వాడొచ్చు కానీ చాలా నిమ్మకాయలు కావాలి, మధ్యలో బూజు పడుతుంది, వెనిగర్ చవక.

ఎగ్జిబిషన్ రోజు దాకా మెత్తబడిన ఎముకని నీళ్ళలోనే ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటపెట్టి వదిలేస్తే ఆరిపోయి మళ్ళీ బిరుసెక్కుతుంది, అప్పుడు జడ్జిల ముందు వంచబోతే విరుగుతుంది.

5. నిప్పులో కాల్చండి (పెద్దవాళ్ళే చేయాలి)

ముందు ఎముకని రెండు రోజులు ఎండలో పెట్టండి, తడిగా ఉంటే కాలేటప్పుడు టప్‌మని పేలి నిప్పులు ఎగురుతాయి. ఆరుబయట కుంపటిలో బొగ్గులు ఎర్రగా అయ్యాక ఎముకని మధ్యలో పెట్టండి. మొదట నల్లబడుతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, కొల్లాజెన్ కాలుతోందని అర్థం. ఆ నలుపు పోయి బూడిదరంగు, తెలుపు వచ్చేవరకు ఉంచండి, మధ్యమధ్యలో విసురుతూ ఉంటే త్వరగా అవుతుంది. నల్లగా ఉండగానే తీసేస్తే లోపల సగం కొల్లాజెన్ అలాగే ఉంటుంది. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద చేయకండి, వాసన రెండు రోజులు పోదు. మైక్రోవేవ్ అసలే వద్దు.

కుంపటి కుదరని ఫ్లాట్లలో ఉన్నవాళ్ళు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర మూడు గంటలు పెట్టొచ్చు. ఎముక పెళుసుగా అయితే అవుతుంది గానీ కొల్లాజెన్ పూర్తిగా పోదు, నీరు పోయి గట్టిపడుతుంది అంతే. చార్టులో "కాల్చాం" అని రాయకండి, "వేడి చేసి ఆరబెట్టాం" అని రాయండి.

పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. పైకి ఆకారం చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది, అదే ఆశ్చర్యం.

6. మూడూ పోల్చండి

కళ్ళద్దాలు పెట్టుకుని చేయండి, ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు.

వెనిగర్ ఎముక: వంగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. సన్న ఎముక అయితే ముడి కూడా వేయొచ్చు. కానీ దాని మీద బరువు పెట్టండి, నిలబడదు.

కాల్చిన ఎముక: వేళ్ళ మధ్య నలిపితే చాలు పొడి. బరువు కూడా తగ్గి ఉంటుంది, తూకం వేసి రాసుకోండి.

మామూలు ఎముక: చేత్తో విరవడం కష్టం, విరిగినా ఒకవైపు చీలి పీచుగా అంటుకుని ఉంటుంది.

ఇక్కడ ఆగి పిల్లలతో మాట్లాడండి, ఎందుకంటే ఇదంతా మన ఇంట్లో మనుషులకి వర్తించేదే. చిన్నపిల్లల ఎముకలో వంగే గుణం ఎక్కువ, అందుకే వాళ్ళు పడితే ఒక్కోసారి ఎముక ఒకవైపు చీలి ఇంకోవైపు వంగి ఉండిపోతుంది, పచ్చి కొమ్మని వంచినప్పుడు జరిగేదే. పైకి పెద్దగా తెలియదు, పిల్లాడు చెయ్యి కదుపుతున్నాడు కాబట్టి బెణికిందిలే అనుకుంటారు. పుత్తూరు కట్టు మీద మనవాళ్ళకి ఎంత నమ్మకమో నాకు తెలుసు, ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది మీ ఇష్టం అని కూడా నేను అనను, పిల్లలు పడి వాపు వస్తే ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టర్‌కి చూపించండి. ఎందుకో కింద ఏడో స్టెప్‌లో కనిపిస్తుంది.

"మరి ఖనిజం ఎంత ఎక్కువుంటే ఎముక అంత గట్టి కదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదు. నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవాళ్ళని చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్ళతో వచ్చే జబ్బు పేరు ఫ్లోరోసిస్, మన దేశంలో దాని గురించి మొదట రాసింది కూడా మన ప్రాంతం నుంచే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. ఫ్లోరైడ్ ఎముక స్ఫటికాల్లోకి చేరిపోతుంది, ఎక్స్‌రేలో ఎముక మామూలు కంటే తెల్లగా దట్టంగా కనిపిస్తుంది, కానీ నాణ్యత ఉండదు, వెన్నెముక చుట్టూ ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లు కూడా గట్టిపడిపోయి మనిషి వంగలేడు, తిరగలేడు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేనిచోట 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. బోరు నీళ్ళు తాగే ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఒకసారి టెస్ట్ చేయించండి, ప్రయోగం కంటే ఇది ముఖ్యం.

7. మూలుగ బొక్క చీల్చి చూడండి

షాపులో మామూలుగా అడ్డంగా కొడతారు. మీరు తొడ బొక్క చివరి కీలుతో సహా నిలువుగా కావాలని చెప్పండి. మొద్దు మీద కత్తితో కొడితే ముక్కలైపోతుంది, రంపం మెషిన్ ఉన్న షాపు అయితే శుభ్రంగా వస్తుంది. అదీ లేకపోతే చివర కీలు భాగం ఒక్కటైనా నిలువుగా చీల్పించుకోండి.

వెలుతురులో పెట్టి బయట నుంచి లోపలికి చూడండి. అంచున దట్టంగా తెల్లగా ఉన్న గోడ కాంపాక్ట్ ఎముక, చివరికంటే నడుమ భాగంలో మందంగా ఉంటుంది. కీలు వైపు వస్తే ఆ గోడ పల్చబడి లోపలంతా సన్న సన్న పలకలు, గదులు, ఇది స్పంజీ ఎముక. అడ్డదిడ్డంగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ కాదు, బరువు ఏ దారిన కిందికి దిగుతుందో ఆ దారిలోనే ఆ పలకలు ఎక్కువగా అమరి ఉంటాయి. వయసు మళ్ళిన వాళ్ళలో ముందు అరిగిపోయేది ఈ పలకలే, అందుకే తుంటి, మణికట్టు, వెన్నుపూస ఈ మూడు చోట్ల ఎక్కువగా విరుగుతాయి.

స్పంజీ గదుల మధ్య ఎర్రగా ఉన్నది ఎర్ర మూలుగ, రక్తం తయారయ్యేది అక్కడే. పెద్దవాళ్ళ శరీరంలో రోజుకి సుమారు 20,000 కోట్ల ఎర్ర రక్తకణాలు తయారవుతాయి, ఎక్కువగా కటి ఎముకలు, వెన్నుపూసలు, ఛాతీ ఎముక, పక్కటెముకల్లో. నడుమ గొట్టంలో మెత్తగా పసుపుగా ఉన్నది కొవ్వు మూలుగ, మనం జుర్రుకుని తినేది. లేత మేక అయితే అక్కడ కూడా ఎరుపు కనిపిస్తుంది, తప్పు ఎముక ఇచ్చాడని అనుకోకండి.

ఇప్పుడు కీలుకి కాస్త కింద వెతకండి, అడ్డంగా వంకర టింకరగా ఒక సన్న గీత ఉంటుంది, గోరుతో నొక్కితే పక్క ఎముకకంటే మెత్తగా తగులుతుంది. అది గ్రోత్ ప్లేట్. ఎముక పొడుగు పెరిగేది ఆ గీత దగ్గరే. పిల్లల్లో ఇది ఎముక మొత్తంలో బలహీనమైన చోటు, దెబ్బ అక్కడ తగిలి సరిగ్గా కూర్చోకపోతే ఆ చెయ్యో కాలో పొట్టిగానో వంకరగానో పెరగొచ్చు. ఎక్స్‌రే అని అంత గట్టిగా చెప్పింది ఇందుకే. ఆడపిల్లల్లో సుమారు 14 నుంచి 16, మగపిల్లల్లో 16 నుంచి 18 ఏళ్ళకి ఈ గీతలు చాలావరకు మూసుకుపోతాయి, ఆ తర్వాత ఎత్తు పెంచుతామనే పొడులు ఏవీ పనిచేయవు, డబ్బు తగలేయకండి. ముదురు మేక ఎముకలో గీత కనపడదు, లేతది అడిగి తెచ్చుకోండి.

8. మీ ఒంటి మీద వెతకండి

మాంసం ముట్టని ఇళ్ళవాళ్ళు 1 నుంచి 7 వదిలేసి ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఎముక ఎందుకు గొట్టంగా ఉందో చూపించడానికి ఒక ఏ4 కాగితం చాలు. గొట్టంగా చుట్టి టేపు వేసి నిలబెట్టి పైన పుస్తకాలు ఒక్కోటి పేర్చండి, అదే కాగితాన్ని మడతపెట్టి నిలబెడితే ఎన్ని ఆగుతాయో చూడండి.

ముంజేయి: అరచేయి పైకి పెట్టి, రెండో చేత్తో ముంజేతిని పట్టుకోండి. ఇప్పుడు అరచేయి కిందికి తిప్పండి. బొటనవేలు వైపు ఎముక రెండోదాని మీదుగా దాటుతుంది, వేళ్ళకి తెలుస్తుంది. దాటేది రత్ని, అంటే రేడియస్. కదలకుండా ఉండేది అరత్ని, అల్నా. తాళం తిప్పడం, ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం దీనివల్లే కుదురుతోంది.

పక్కటెముకలు: గొంతు కింద గుంటలోంచి వేలు కిందికి జారిస్తే కొంచెం దూరంలో అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. దాని పక్కనున్నది రెండో పక్కటెముక, అక్కడి నుంచి లెక్కపెట్టండి. డాక్టర్లు లెక్కపెట్టేది కూడా ఇలాగే. పైనుంచి మొదలుపెడితే లెక్క తప్పుతుంది, మొదటిది జత్రుక (కాలర్ బోన్) కింద దాక్కుని ఉంటుంది.

చీలమండ: లోపలి గుబ్బ టిబియా కొస, బయటి గుబ్బ ఫిబ్యులా కొస. రెండూ ఒకే ఎత్తులో లేవు, బయటిది కిందికి ఉంటుంది. మీ కాలి మీద చూసుకోండి.

కూర్చునే ఎముక: కుర్చీలో అరచేయి పైకి పెట్టి దాని మీద కూర్చోండి, గట్టిగా గుచ్చుకునేది కటి ఎముక కింది భాగం.

లెక్క సరిచూడటం: పుర్రె 22, చెవుల్లో 6, గొంతులో 1, వెన్నులో 26, పక్కటెముకలు 24, ఛాతీ ఎముక 1, కలిపితే 80. భుజాలు, చేతులు 64, కటి, కాళ్ళు 62. మొత్తం 206. ఒక్కో చేతిలో మణికట్టు నుంచి 27, ఒక్కో పాదంలో 26, అంటే సగానికి పైగా ఎముకలు చేతుల్లో పాదాల్లోనే ఉన్నాయి. వెన్నులో 33 కదా అని టీచర్ అడిగితే, పెద్దయ్యాక కింద ఐదు కలిసి ఒకటి, చివరి నాలుగు కలిసి ఒకటి అవుతాయని చెప్పమనండి. పుట్టిన బిడ్డకి సుమారు 300 ఉండటానికి కారణం కూడా ఇలాంటి కలయికలే.

ఎప్పుడూ అడిగే చివరి రెండు ప్రశ్నలు

బొక్కల సూపు తాగితే కాల్షియం వస్తుందా? చాలా తక్కువ. వెనిగర్‌లోనే వారం పట్టింది, నీళ్ళలో ఉడికిస్తే ఖనిజం అంత సులువుగా దిగదు, దిగేది జెలటిన్, కొవ్వు. రుచికి తాగండి, కాల్షియానికి పాలు, పెరుగు, రాగులు, నువ్వులు తినండి, ఒంటికి ఎండ తగలనివ్వండి. ఒంట్లో కాల్షియం 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది, రక్తంలో తక్కువైతే అక్కడి నుంచే తీసుకుంటుంది.

ప్రయోగం అయ్యాక ఏం చేయాలి? వాడిన వెనిగర్ ఎక్కువ నీళ్ళు కలిపి సింకులో పోయొచ్చు. కాల్చిన ఎముక పొడి మొక్కల మొదట్లో వేయండి. మిగతావి కవర్లో గట్టిగా కట్టి చెత్తలో వేయండి, కుక్కలకి మాత్రం వేయకండి, ముఖ్యంగా ఉడికినవి, ఓవెన్‌లో పెట్టినవి, అవి వాడిగా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.